ప్లేటు తిప్పిన తరువాత

గ్రామఫోను ముల్లు పాట చివరకు వచ్చి, లోపలి గాడిలో పడి గరగరమంటూ తిరుగుతున్నప్పుడు ఇంటిలో ఎవరో ఒకరు లేవవలసివచ్చేది. పెద్దలు పడకకుర్చీలలో ఉంటారు గనుక ఆ పని పిల్లలకు పడేది. ప్లేటును అంచులతో పట్టి పైకెత్తి, వ్రేళ్ళు గాడులకు సోకకుండ తిరగవేసి, మరల ముల్లు దించేవరకు గదిలో మాట ఉండేది కాదు. అంతవరకు విన్నది మనస్సులో కుదురుకొనేందుకు దొరికిన విరామం అది. ఫోనులో పాటలు వినే ఈ దినాలలో ఆ విరామం పోయినది. ఒక పాట తోక పట్టుకొని మరొక పాట వస్తున్నది.

అయినను ఆ విరామాన్నే కొలబద్దగా పెట్టుకొన్న శ్రోత ఒకడు ఉన్నాడు. ఆయన విద్వాంసుడు కాడు. పత్రికలకు విమర్శలు వ్రాసేవాడును కాడు. పాశ్చాత్యుల జనరంజక సంగీతంలో మహత్తరములని పేరుమోసిన ఆల్బములను, జాజు, బ్లూస్, రాక్, సోల్, రెగ్గే మొదలు రాప్ వరకు, ఏండ్ల తరబడి ఒక్కొక్కటే సంపాదించి, రెండు వైపులా విని, తనకు తోచినది మొగమాటం లేకుండ చెప్పుతాడు. ఆయన సూత్రం ఒక్కటే. మొదటి వైపు అంగడి ముంగిలి. రెండవ వైపు ఇల్లు. అమ్ముడుపోయే సరకును ముంగిట పేర్చడం వర్తకులకు సహజమే. ముంగిలి చూసి ఎవరి సంసారాన్నీ అంచనా వేయరాదు. ప్లేటు తిప్పవలెనన్న కోరిక లోపలినుండి పుట్టినదా, తిప్పిన తరువాత ఆ శ్రమకు ఫలం దక్కినదా, ఈ రెండు ప్రశ్నలకు నిలిచినదే ఆయన దృష్టిలో పెద్ద ఆల్బము. తక్కినవి మంచి పాటల మూటలు.

ఈ కొలబద్ద వింతగా తోచవచ్చును గాని దీనికి ఆధారం యంత్రంలోనే ఉన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేటుపై ఒక్కొక్క వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. తెలుగునాట రంగస్థల నటులు పద్యం చివర తీసే రాగం ఆ మూడు నిమిషాల కత్తెరకు చిక్కి కురుచైపోయినది. సినిమా పాటకూ అదే కొలత; పల్లవి, చరణాలు, నడుమ వాద్యాలు అన్నీ ఆ ఇరుకులోనే సర్దుకొన్నవి. అంతకంటె పొడుగైన రచన ఏదైనా ఉంటే పలు ప్లేట్లను కాగితపు సంచులు కుట్టిన పుస్తకంలో పెట్టి అమ్మేవారు. ఫొటోలు అంటించుకొనే పుస్తకాన్ని పోలి ఉండుటచేత దానికి ఆల్బమన్న పేరు వచ్చినది. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును విడుదల చేసినది. ఒక్కొక్క వైపు ఇరువది నిమిషాలకు పైగా పట్టినది. పుస్తకం పోయినది, పేరు మిగిలినది. ఇరువది నిమిషాలు ఒకే కంఠానికి చెవి ఒప్పగించి కూర్చొనడం ఎట్లుంటుందో, ఘంటసాల తన చివరి దశలో పాడిన భగవద్గీత మోగిన తెలుగు ఇండ్లకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి ఉన్నది. ప్లేటు తిరిగే చుట్ల లెక్క మారదు గాని ముల్లు అంచునుండి లోపలికి జరిగినకొద్దీ దాని క్రింద నడిచే గాడి పొడవు తగ్గిపోతుంది. చివరి పాట దగ్గరకు వచ్చేసరికి అది మొదట ఉన్నదానిలో సగానికి తక్కువ. అందుచేత చివరి భాగంలో గట్టి ధ్వనులు చెదరిపోతవి. అనుభవం గలవారు నెమ్మది పాటలను చివర ఉంచుట అలవాటు చేసుకొన్నారు. పెద్దపెట్టున మొదలై మెల్లగా ముగియవలెనన్నది కవులు పెట్టిన నియమం కాదు. గాడి పెట్టిన నియమం. దానిని ఛందస్సు వంటిదనుకొంటే సరిపోతుంది. యతిప్రాసలకు లొంగి కుంటినవారూ ఉన్నారు, ఆ యతిప్రాసలవల్లనే పద్యం నిలబెట్టినవారూ ఉన్నారు.

నిలబెట్టినవారిలో తొలి పేరుగా ఆయన ఫ్రాంక్ సినాత్రాను చెప్పుతాడు. 1955లో వచ్చిన 'ఇన్ ద వీ స్మాల్ అవర్స్'లో పదునారు పాటలు. అన్నీ ఒంటరితనమే, అన్నీ మందగమనమే. నెల్సన్ రిడిల్ కూర్చిన వాద్యాలు గాయకుని వెనుక తెరవలె కదులుతవి గాని ముందుకు రావు. నటి ఆవా గార్డ్‌నర్‌తో సినాత్రా కాపురం చెడిన కాలం అది. రెండవ వైపు మొదటిదానికి భిన్నంగా లేదని కొందరి ఆక్షేపణ. నిద్రపట్టని రాత్రికి రెండవ జాము మొదటి జాముకు భిన్నంగా ఉంటుందా అని ఈ శ్రోత ఎదురుప్రశ్న.

జాజులో ఆయన మరల మరల తిరిగివెళ్ళేది మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' దగ్గరకే. 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీలలో, న్యూయార్కు 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉండి స్టూడియోగా మారిన భవనంలో దానిని ముగించినారు. స్వరమేళనాలు క్షణక్షణం మారుతూ ఉంటే వాటి వెంట పరుగెత్తగలగడమే అంతకు ముందు జాజు విద్వత్తుకు గీటురాయి. డేవిస్ ఆ పరుగును మాన్పించినాడు. ఒక స్వరశ్రేణి ఇచ్చి, దానిలో తీరికగా తిరుగుమన్నాడు. చివరి రచన 'ఫ్లమెంకో స్కెచెస్'లో అయిదు శ్రేణులు వరుసగా వస్తవి. ఏ శ్రేణిలో ఎంతసేపు నిలువవలెనన్నది వాయించేవాని ఇష్టం. ఇది మన రాగపద్ధతియే గదా అని ఉబ్బిపోయేవారితో ఈ శ్రోత ఏకీభవించడు. ఆరోహణావరోహణలు ఉన్నంత మాత్రాన రాగం కాదు. గమకం ఎక్కడ? జీవస్వరాన్ని పట్టి నిలుపుట ఎక్కడ? కాని రాగమాలికలో ఒక రాగం విడిచి మరొక రాగంలో అడుగుపెట్టే క్షణాన కలిగే పులకరింత మాత్రం ఇక్కడ ఉన్నదంటాడు. ఆ అడుగును డేవిస్ ఒక రకంగా వేస్తాడు, జాన్ కోల్ట్రేన్ మరొక రకంగా వేస్తాడు, పియానోపై బిల్ ఎవాన్స్ వేసినట్లే తెలియకుండ వేస్తాడు.

ఈ రికార్డు విషయంలో ఒక విచిత్రం జరిగినది. మార్చి నాటి టేపు యంత్రం కొంచెం మెల్లగా నడిచినది. మామూలు వేగంతో వినిపించినప్పుడు మొదటి వైపు మూడు రచనలూ ఉన్న శ్రుతికంటె కొద్దిగా హెచ్చుగా పలికినవి. 1992లో వెలువడిన ముద్రణలో గాని ఆ దోషం దిద్దలేదు. ముప్పది మూడు సంవత్సరాలపాటు పిల్లవాద్యగాండ్రు ఆ తప్పు శ్రుతితోనే తమ వాద్యాలు కలుపుకొని సాధకం చేసి, ఎందుకు పొసగలేదో తెలియక తలలు పట్టుకొని ఉంటారు. రెండవ వైపుకు ఆ దోషం లేదు. పాత ముద్రణలో ప్లేటు తిప్పగానే సంగీతం ఒక మెట్టు దిగి నేలపై కూర్చున్నట్లు ఉండేదనీ, 'ఆల్ బ్లూస్' ఆరు అక్షరాల నడకలోని నిబ్బరం కొంత ఆ దిగడంవల్ల వచ్చినదేననీ ఈ శ్రోత అనుమానం. దిద్దిన ముద్రణ న్యాయమైనదని ఒప్పుకొంటూనే పాతదానిని పారవేయలేకపోయినాడు.

బీటిల్స్ పేరు ఎత్తకుండ ఈ ప్రసంగం సాగదు. 1967 నాటి 'సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' జనరంజక సంగీతంలో మొట్టమొదటి సమగ్ర కావ్యమని పెక్కుమంది అంటారు. ఈ శ్రోత ఒప్పుకోడు. కల్పిత వాద్యబృందం ఒకటి వేదిక ఎక్కినట్లు మొదలవుతుంది. రెండవ పాట కాగానే ఆ బృందం ఎటు పోయినదో పోయినది. చివర ఒకమారు జ్ఞాపకం వచ్చి మరల పలకరిస్తుంది. నాందీప్రస్తావనలు, భరతవాక్యం ఉండి, నడుమ నాటకం మాత్రం లేని ప్రదర్శన వంటిది. విడివిడిగా పాటలలో చమత్కారం ఉన్నది, నాలుగు ట్రాకుల టేపుతో అన్ని ధ్వనులు పొదిగిన నేర్పు ఉన్నది, ఏకత లేదు.

ఇంత కఠినంగా చెప్పి, రెండవ వైపు విషయంలో ఆయన మెత్తబడుతాడు. దాని మొదటి పాట జార్జ్ హారిసన్‌ది. తక్కిన ముగ్గురు బీటిల్స్ దానిలో లేరు. లండనులోని ఏషియన్ మ్యూజిక్ సర్కిల్‌కు చెందిన భారతీయ వాద్యకారులు దిల్రుబా, తబలా, తంబురలతో కూర్చున్నారు. జార్జ్ మార్టిన్ వారికి వయొలిన్లను, చెల్లోలను జోడించినాడు. మన వాద్యాలు వినబడినవి గదా అని సంతోషించుట వేరు, పాట బాగున్నదనుట వేరు. ఈ పాట నిజంగానే బాగున్నదని ఆయన తీర్పు, ఎందుకనగా వయొలిన్లు దిల్రుబాను అనుసరించి జారవలసివచ్చినది గాని దిల్రుబా వయొలిన్ల కోసం బిగుసుకోలేదు. ఇక చివరి పాట 'ఎ డే ఇన్ ద లైఫ్' గాడి నియమాన్నే ధిక్కరించినది. ఎక్కడ మెల్లగా ముగించవలెనో అక్కడ నలుబదిమంది వాద్యకారులు అడుగు స్వరంనుండి పై స్వరానికి ఎగబ్రాకుతారు. ఆపైన పలు పియానోలపై ఒక్కమారుగా మోగించిన మేళనం నలుబది సెకండ్లకు పైగా ఆరిపోతూ ఉంటుంది. గాడి ఇరుకైన చోట ఇంత బరువు మోపిన సాహసం ఆయనకు నచ్చినది.

ఐనను ఆ కాలపు ఆల్బములలో ఒక్కటే ఉంచుకొమ్మంటే ఆయన ఉంచుకొనేది బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్'. ఇది 1966 నాటిది, బీటిల్స్ పనికి ఒక ఏడాది ముందటిది. బ్రయన్ విల్సన్‌కు కుడి చెవి దాదాపుగా వినబడేది కాదు; ఆయన ఏర్చి కూర్చిన ధ్వనులన్నీ ఒకే స్పీకరునుండి వచ్చే మోనోలో వినడానికే పుట్టినవి. మొదటి వైపు చివర 'స్లూప్ జాన్ బి' అనే బహామా దీవుల జానపద గీతం ఉన్నది. హుషారైన పాటే గాని వరుసకు రాని చుట్టం. దానిని దాటి ప్లేటు తిప్పితే మొదటనే 'గాడ్ ఓన్లీ నోస్'. అక్కడినుండి ఆఖరు పాట వరకు యౌవనం కరిగిపోవుట వినబడుతుంది. చివర గాయకుడు ఊరకుంటాడు. రైలుబండి పోతుంది, రెండు కుక్కలు మొరుగుతవి. అవి విల్సన్ పెంచుకొన్న కుక్కలే. గట్టి వాద్యాలతో ముగించిన బీటిల్స్‌కంటె కుక్కల అరుపుతో ముగించినవాడు ఎక్కువ చెప్పినాడని ఈ శ్రోత వాదం. దీనిపై ఆయనతో తగవు పడని మిత్రుడు లేడు.

ఈ కొలబద్ద చెల్లని చోటు ఒకటి ఉన్నదని ఆయనే చెప్పుతాడు. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, డల్లాస్ పట్టణాలలో ఒంటరిగా గిటారు పట్టి 29 పాటలు పాడినాడు. 1938లో, ఇరువది ఏడవ ఏట మరణించినాడు. లాంగ్ ప్లే రికార్డును ఆయన చూడనేలేదు. 1961లో కొలంబియావారు ఆ పాటలలో పదునారు ఏరి 'కింగ్ ఆఫ్ ద డెల్టా బ్లూస్ సింగర్స్' అని విడుదల చేసినారు. ఏ పాట ఏ వైపున ఉండవలెనో నిర్ణయించినది పాడినవాడు కాదు. ఆయన కట్టినది ఇల్లు కాదు, మూడేసి నిమిషాల గుడిసెలు. వాటిని వీధిగా తీర్చినవారు ఇతరులు. అందుచేత ఈ రికార్డును ఈ శ్రోత వరుసగా వినడు. ఒక రాత్రికి ఒక పాట వింటాడు, 78 చుట్ల ప్లేటు ముగిసినట్లే అక్కడ ముల్లు ఎత్తివేస్తాడు. ఆ గిటారులో ఇద్దరు వాయిస్తున్నట్లు భ్రాంతి కలుగుతుంది. పాటకు ఒకటికంటె ఎక్కువ అక్కరలేని సంగీతం అది.

సోల్ సంగీతానికి వచ్చేసరికి ఆయన కంఠం మారుతుంది. మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' 1971లో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థనుండి వెలువడినది. ప్రేమగీతాలు పాడి పేరు తెచ్చుకొన్న గాయకుడు. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధంనుండి తిరిగివచ్చి చెప్పిన సంగతులు మనస్సులో మెదలుతున్నవి. తనతో యుగళగీతాలు పాడిన టామీ టెరెల్ 1970లో చిన్న వయసుననే చనిపోయినది. పేరుపాటను విడుదల చేయుటకు సంస్థ అధిపతి బెరీ గోర్డీకి ఇష్టం లేకపోయినది. 1971 జనవరిలో అది విడుదలై విరివిగా అమ్ముడుపోయిన తరువాతనే ఆల్బము సంగతి ఎత్తినారు. అప్పుడు త్వరత్వరగా పూర్తిచేసినారు. త్వరలో చేసినదన్న జాడ ఎక్కడా లేదు. మొదటి వైపు ఆరు పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతవి. ఎక్కడ ఏది ముగిసినదో తెలియదు. గాయకుని కంఠం రెండుమార్లు ముద్రించి ఒకదానిపై ఒకటి పరచినందున ఒక మనిషి తనతో తానే మాటలాడుకొంటున్నట్లు ఉంటుంది.

రెండవ వైపు మొదటి పాట 'రైట్ ఆన్' ఏడు నిమిషాలకు పైగా నడుస్తుంది. అంత అక్కరలేదని ఈ శ్రోత నిర్మొగమాటంగా అంటాడు. సందుగొందులు తిరిగి ఆలస్యంగా ఇల్లు చేరిన మనిషి వంటి పాట. కాని చేరవలసిన ఇల్లు చివరి పాట 'ఇన్నర్ సిటీ బ్లూస్'. పన్నులు, అద్దెలు, పోలీసులు, దరిద్రం, ఇన్నింటి బరువు గల పాట అడుగు మీద అడుగు వేస్తూ పోయి, ఆఖరున మొదటి వైపు మొదటి పాటలోనికి తిరుగుతుంది. చరణం చివర పల్లవి ఎత్తుకొనుట ఎరిగిన తెలుగు చెవికి దీని అర్థం వివరించనక్కరలేదు. అన్ని చరణాల తరువాత పల్లవి మాటలు అవే అయినా బరువు వేరు. ఇంకొక విశేషం: మోటౌన్ పాటలన్నింటిలో ఏండ్ల తరబడి వాయించిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యకారుల పేర్లు అంతవరకు ఏ అట్టపైనా వేయలేదు. ఈ అట్టపై వేసినారు. అంతవరకు వారిని అందరూ విన్నారు, ఎవరూ ఎరుగరు.

జోనీ మిచెల్ 'బ్లూ' కూడ 1971 నాటిదే. దీనిపై ఆయన రెండు మాటలే అంటాడు. రెండవ వైపున 'రివర్' అనే పాటలో పియానో క్రిస్మసు పాటలోని ఉల్లాసపు వరుసను విషాదంలో ముంచి వాయిస్తుంది. పండుగనాడు పుట్టింటికి పోలేనివారికి ఆ పాట వేరే చెప్పనక్కరలేదు. తాను విన్న రెండవ వైపులన్నింటిలో మొదటి స్థానం దీనిదే.

పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973లో వచ్చినది. కోట్ల సంఖ్యలో అమ్ముడుపోయిన ఈ రికార్డును ఆయన గౌరవిస్తాడు, ప్రేమించడు. గడియారాలు, పరుగులు, నవ్వులు, గుండె చప్పుడు, అన్నీ శుభ్రంగా తుడిచి పేర్చిన ప్రదర్శనశాలవలె ఉన్నవంటాడు. ఒక్క చోటు తప్ప. మొదటి వైపు చివర క్లేర్ టోరీ అనే గాయని మాటలు లేకుండ, కేవలం కంఠంతో, మరణం ఎదుట నిలిచిన ప్రాణివలె ఆక్రోశిస్తుంది. ఆ పూట పాడినందుకు ఆమెకు ముట్టినది 30 పౌనులు. ఆ గానం తన సృష్టి అని 2004లో ఆమె న్యాయస్థానానికి ఎక్కవలసివచ్చినది. 2005లో రాజీ కుదిరి, ఆ రచనలో ఆమె పేరు చేరినది. పాత రికార్డులో ఆమె కంఠం ఆరిపోగానే ముల్లు ఆగేది. శ్రోత లేచి, ప్లేటు తిప్పి, ముల్లు దించితే నాణేలు గలగలమనేవి. కాంపాక్ట్ డిస్కు వచ్చిన తరువాత ఆక్రోశానికి, నాణేలకు నడుమ దూరం లేకుండ పోయినది. ఆ దూరంలోనే ఆమె బాకీ ఉన్నదని ఈ శ్రోత మాట.

రెగ్గేలో ఇటువంటి చిక్కే మరొకటి ఉన్నది. బాబ్ మార్లే, పీటర్ టాష్, బనీ వెయిలర్ కలిసిన వెయిలర్స్ బృందం 'క్యాచ్ ఎ ఫైర్' 1973లో వచ్చినది. జమైకాలో పాడి వాయించిన టేపులు లండనుకు చేరినవి. ఐలండ్ సంస్థకు చెందిన క్రిస్ బ్లాక్‌వెల్ వాటిపై రాక్ శ్రోతలకు అలవాటైన గిటారును, కీబోర్డును అదనంగా చేర్పించినాడు. గిటారు వాయించిన వేన్ పెర్కిన్స్ అమెరికాలోని అలబామావాడు. జమైకా నాటి అసలు రూపం 2001లో గాని వెలుగు చూడలేదు. లండను రూపంలో విడిచిన రెండు పాటలు అందులో ఉన్నవి. రెండింటిని ఒకే రాత్రి వినడం ఈ శ్రోతకు అలవాటు. లండను గిటారు తీయగా ఉన్నది. వంటకు నేయి పోసినట్లున్నది. కాని బాస్ గిటారు నడకకు, దానిచుట్టూ ఉన్న ఖాళీకి చెవి యొగ్గవలెనంటే నేయి లేని వంటయే రుచి. ఇంతా చెప్పి, లండను రూపం రాకపోతే ఆ పాటలు ప్రపంచానికి ఇంత త్వరగా చేరేవి కావన్న మాట కూడ ఒప్పుకొంటాడు.

జర్మనీలోని క్రాఫ్ట్‌వెర్క్ బృందం 1977లో తెచ్చిన 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్' మొదటి వైపు ఆయనకు విసుగు. రెండవ వైపున రైలు కదులుతుంది, ఇనుముపై ఇనుము కొట్టిన లయ వస్తుంది. ఆ లయకు న్యూయార్కులోని నల్లజాతి యువకులు నాట్యమాడినారు. 1982లో ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' పాటకు ఆ రైలు వరుసనే ఎత్తుకొన్నాడు. ఒక రికార్డు రెండవ వైపునుండి మరొక దేశంలో ఒక సంగీతశాఖ చిగిర్చినదనడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

ఆ శాఖలో ఆయన మెచ్చినది పబ్లిక్ ఎనిమీ బృందం 1988లో తెచ్చిన 'ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్ టు హోల్డ్ అజ్ బ్యాక్'. ఇది క్యాసెట్ల కాలం. దీని వైపులకు ఒకటి, రెండు అని పేర్లు లేవు. ఒకటి వెండి, ఒకటి నలుపు. పాత రికార్డుల ముక్కలు పదులకొద్దీ తెచ్చి, ఒకదానిపై ఒకటి పేర్చి, సైరనులవలె కూయించి, వాటిపై చక్ డి లయబద్ధంగా మాటలు దంచుతాడు. 1991లో అమెరికా న్యాయస్థానం ఒకటి అనుమతి లేని ముక్కలు వాడరాదని తీర్పు చెప్పిన తరువాత ఇటువంటి కూర్పు దుర్భరమైన ఖర్చు అయినది. నలుపు వైపు మొదట రావలసినదట; ఆఖరి నిమిషాన హ్యాంక్ షాక్లీ రెండు వైపులనూ తారుమారు చేసినాడు. ఆ మాట తెలిసినప్పుడు ఈ శ్రోత కొలబద్ద ఒక్కమారు వణికినది. ముంగిలి అనుకొన్నది ఇల్లు, ఇల్లనుకొన్నది ముంగిలి అయితే ఏది దేనికి ప్రమాణం? వారం దినాలు నలుపును ముందు పెట్టి విన్నాడు. చివరకు షాక్లీయే సరి అన్నాడు. 'బ్లాక్ స్టీల్ ఇన్ ది అవర్ ఆఫ్ కేయాస్' అనే కథాగీతంలో సైన్యంలో చేరమన్న ఉత్తరువును తిరస్కరించి జైలు పాలైన వాడు గోడ దాటే ప్రయత్నం చేస్తాడు. అటువంటి కథను శ్రోత లోపలికి వచ్చి కూర్చున్న తరువాత చెప్పవలెను గాని వాకిట నిలబెట్టి చెప్పరాదు.

కల్పిత కథలోని ఆ జైలునుండి నిజమైన జైలుకు పోతే జానీ కాష్ ఉన్నాడు. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సం జైలు భోజనశాలలో ఖైదీల ఎదుట ఆయన పాడిన పాటలే 'ఎట్ ఫోల్సం ప్రిజన్'. మొదటి వైపు మొదటి పాటలో, ఒక మనిషిని చంపినానని చెప్పే చరణం దగ్గర ఖైదీలు ఉత్సాహంతో కేక వేసినట్లు వినబడుతుంది. ఆ కేక ఆ చోట పుట్టినది కాదు. తరువాత స్టూడియోలో అతికించినది. కాపలావాండ్రు తుపాకులతో చూస్తూ ఉండగా ఆ మాటకు కేక వేసే ధైర్యం ఎవరికి ఉంటుంది? ముంగిలికి రంగు వేయడమంటే ఇదే.

రెండవ వైపు చివరి పాట 'గ్రేస్టోన్ చాపెల్'. ఆ జైలులోని ప్రార్థనామందిరంపై గ్లెన్ షెర్లీ అనే ఖైదీ కట్టిన పాట. జైలుకు వచ్చి ప్రబోధించే మతగురువు దానిని టేపుపై పట్టి ముందురాత్రి కాష్‌కు వినిపించినాడు. కాష్ ఆ రాత్రే నేర్చుకొన్నాడు. కట్టినవాడు మరునాడు ఖైదీల నడుమ, ముందువరుసలో కూర్చొని ఉన్నాడు. కాష్ కంఠం ఆ పాటలో కొంచెం తడుముకొంటుంది. కొత్త పాట గనుక. షెర్లీ 1971లో విడుదలై కొంతకాలం కాష్ బృందంతోనే ఊరూరా పాడినాడు. బయటి బ్రతుకు ఆయనకు కుదరలేదు. 1978లో ఆత్మహత్య చేసుకొన్నాడు.

కాష్ పాడిన పాటలలో ఇది అంత గొప్పది కాదని ఈ శ్రోతకు తెలుసును. పదాలు మామూలువి, వరుస విన్నదే. ఐనను ఆ వైపు వింటున్నంతసేపు ఆయన ఎదురుచూసేది దానికోసమే. పాట ముగుస్తుంది, చప్పట్లు వినబడుతవి. ఆ చప్పట్లలో తన పాటకు తానే చప్పట్లు కొట్టినవాని చేతులు కూడ ఉన్నవేమో. అవి అతికించినవి కావు. ముల్లు లోపలి గాడిలో పడి గరగరమంటూ తిరుగుతుంది. ఆయన లేవడానికి కొంతసేపు పడుతుంది.